వియ్యపురాలికి పై డెక్కు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, ఉగాది వెళ్లిన వారానికి, మా ట్రావెల్ కంపెనీ నన్ను మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ కౌంటర్లు మూడింటికీ కలిపి క్రూజ్ విభాగం ఇన్‌చార్జిగా వేసింది. రిటైర్మెంటు దగ్గరపడిన రోజులవి. అప్పటిదాకా నా సర్వీసంతా బస్సుల మీదే నడిచింది. కాశీ, రామేశ్వరం, షిర్డీ యాత్రలు. బస్సు ముందు కొబ్బరికాయ కొట్టించడం, వెనక డిక్కీలో వంట సామాను సర్దించడం, మధ్యలో మనుషులను సర్దడం నా ఉద్యోగం. ఓడల గురించి నాకేం తెలుసని అడిగితే మా రీజనల్ మేనేజర్ నవ్వి, బళ్లు ఓడలవుతాయని పెద్దలు ఊరికే అన్నారా అన్నాడు. ఓడలు బళ్లవుతాయన్న మిగతా సగం ఆయన చెప్పలేదు. అది నేను సొంతంగా తెలుసుకున్నాను.

అంతకుముందు నా నౌకాయానం సాగర్ డ్యామ్ దగ్గర నాగార్జునకొండ లాంచీతో మొదలై దానితోనే ముగిసింది. డెస్క్ తెలిసినవాణ్నే గానీ డెక్ తెలిసినవాణ్ని కాను. ముంబైలో కొన్నాళ్లు శిక్షణ ఇచ్చి, రేవులో ఆగి ఉన్న ఒక పెద్ద ఓడంతా తిప్పి చూపించారు. ఆగి ఉన్న ఓడంత మర్యాద తెలిసిన వస్తువు మరొకటి ఉండదు. గ్లాసులో నీళ్లు కూడా కదల్లేదు. ఆ ధైర్యంతో తిరిగొచ్చి, సముద్రం వాసన కూడా సోకని ఊళ్లలో ఓడలు అమ్మడం మొదలుపెట్టాను.

బయటివాళ్లు ఓడ అంటే ఓడే అనుకుంటారు. కానీ బస్సుల్లో పల్లెవెలుగుకూ గరుడకూ ఎంత తేడా ఉందో ఓడల్లో అంతకు పదింతలుంది. కొన్ని చిన్న ఓడలుంటాయి. నిశ్శబ్దంగా, పుస్తకం చదువుకునేవాళ్లకు బాగుంటాయి. వాటిలో వచ్చిన చిక్కు ఏమిటంటే పొద్దున టిఫిన్ దగ్గర తప్పించుకున్న మనిషి మధ్యాహ్నం భోజనం దగ్గర దొరుకుతాడు. పెద్ద ఓడలు వేరు. అంతస్తు మీద అంతస్తు, ఈతకొలనులు, నాటకాలు, పిల్లల జారుడుబల్లలు. ఎవరి నుంచి ఎవరైనా దాక్కోవచ్చు. కొన్ని కంపెనీల ఓడల్లో రాత్రి భోజనానికి కోటు వేసుకు రావాలంటారు. మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని ఒకాయన ఆ నిబంధన విని, పెరుగన్నం కలుపుకునేటప్పుడైనా చేతులు మడుచుకోనిస్తారా అని అడిగాడు. ఆయనకు మన వంటవాళ్లున్న ఓడ చూసి పెట్టాను.

అందుకే నేను ముందు ఓడ పేరు చెప్పేవాణ్ని కాదు. పొద్దున లేవగానే ఏం తింటారు, నిద్ర ఎలా పడుతుంది, వెంట వచ్చేవాళ్లలో ఎవరితో పొసగదు అని అడిగేవాణ్ని. మొదటి రెంటికీ వెంటనే జవాబు వచ్చేది. మూడో దానికి అందరూ నవ్వి, అబ్బే, అట్లాంటిదేం లేదనేవారు. ఆ నవ్వు ఎంత పొడుగ్గా ఉంటే నేను అంత పెద్ద ఓడ చూసేవాణ్ని.

వెంకటరత్నం గారు కోదాడ కౌంటర్‌కు వచ్చింది వానాకాలం చివర్లో. కోదాడలో ఎరువుల దుకాణం. మాట నెమ్మది, మనిషి పొడుగు. మూడో ప్రశ్నకు ఆయన నవ్వనే లేదు. కుర్చీ ముందుకు జరుపుకుని ఉన్నదంతా చెప్పాడు.

ఆయన ఒక్కగానొక్క కూతురును సూర్యాపేటలో ఇచ్చారు. అల్లుడు మంచివాడు, వియ్యంకుడు మల్లయ్య గారూ మంచివాడే. చిక్కంతా వియ్యపురాలు సోమలక్ష్మమ్మ గారితో. పెళ్లికి వచ్చినప్పుడు మగపెళ్లివారి విడిదిలో ఆమెకు కింద, వంటశాల పక్క గది ఇచ్చారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి కదా, మెట్లెక్కే పని ఉండదని వెంకటరత్నం గారి ఆలోచన. పైన ఏసీ గదిలో ఫొటోలు తీసేవాళ్లను పెట్టారు, వాళ్ల కెమెరాలు వేడెక్కుతాయన్నారని. పెళ్లికొడుకు తల్లి కింద, ఫొటోగ్రాఫర్ పైన. ఆ రోజు నుంచి ఆమె కోదాడ గడప తొక్కలేదు.

ఇప్పుడు అమ్మాయికి ఆరో నెల. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగడం ఆనవాయితీ. వెంకటరత్నం గారి భార్య సుశీలమ్మ గారు కూతురి కోసం వెనక గది సున్నం వేయించి, నులక మంచం నేయించి సిద్ధంగా ఉన్నారు. సోమలక్ష్మమ్మ గారు మాత్రం సూర్యాపేటలో దవాఖానలు లేవా అని ఒక్క మాటతో ఆ సంగతి మూసేశారట. అమ్మాయి ఫోనులో ఏడుస్తోంది. సుశీలమ్మ గారు అన్నం సరిగా తినడం లేదు.

"మా బావగారికి ఓడెక్కాలని చిన్నప్పటి నుంచీ కోరికండీ," అన్నాడు వెంకటరత్నం గారు. "నలుగురం వెళ్లొద్దాం. ఆ నాలుగు రోజుల్లో మా వదినగారి మనసు కరిగితే నా కూతురు ఇంటికొస్తుంది. కరగకపోతే ఇక నాకు దారి లేదు. ఆమెకు మాత్రం అన్నిటికంటే పైన ఉన్న గది ఇవ్వండి."

ఓడ విషయంలో నాకు సందేహం లేదు. పొద్దున్నే ఇడ్లీ దొరికేది, అవసరమైతే ఒకరి కంట ఒకరు పడకుండా ఉండగలిగేది, అలవాటు లేనివాళ్లకు భయం కలగనంత పెద్దది కావాలి. చెన్నై నుంచి శ్రీలంక వెళ్లొచ్చే ఓడ ఒకటి వీటన్నిటికీ సరిపోయింది. ఓడ కదిలేనాటికి అమ్మాయికి ఏడో నెల వస్తుంది, ఆరో నెల దాటిన గర్భిణిని ఓడల్లో ఎక్కించుకోరు కాబట్టి అమ్మాయీ అల్లుడూ రాలేరు. అదీ ఒకందుకు మంచిదే. సంధి మాటలకు పెద్దవాళ్లే చాలు.

గది దగ్గరే పేచీ వచ్చింది. ఓడలో గదిని కేబిన్ అంటారు, అంతస్తును డెక్కు అంటారు. సముద్రం కొత్త అయినవాళ్లకు ఓడ పొడవులో సరిగ్గా నడిమిన, కింది అంతస్తుల్లో కేబిన్ ఇవ్వడం మా వృత్తిలో మొదటి పాఠం. తక్కెడ చూడండి. పళ్లాలు రెండూ ఎగిరెగిరి పడతాయి, నడిమిన పట్టుకున్న చెయ్యి కదలదు. ఓడా అంతే. అల మీద ముక్కు లేస్తుంది, తోక దిగుతుంది, నడుము నిలకడగా ఉంటుంది. పైకి పోయినకొద్దీ పక్కలకు ఊగడం ఎక్కువ. కాబట్టి అందరికంటే పైన, అందరికంటే ముందున్న గది చూడటానికి స్వర్గం, ఉండటానికి ఉయ్యాల. ఇదంతా తక్కెడ బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, తూకం సంగతి తనకు తెలుసని, మర్యాద సంగతే తనను వేధిస్తోందని అన్నాడు. వాళ్లనే ఒప్పిద్దామని సోమవారం సూర్యాపేట వెళ్లాను.

మల్లయ్య గారు బస్సు డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో, ఎవరు ఏ డ్యూటీకి ఎక్కాలో నిర్ణయించే హోదా అది. నా తక్కెడ బొమ్మ చూసి ఆయన జాలిపడ్డాడు.

"సారూ, నువ్వు ఓడలు అమ్మెటోనివి, నేను బండ్లు నడిపించినోన్ని," అన్నాడు. "ఎనక సీట్ల కూసుంటె నడుము ఇరుగుతది. ముంగట కూసుంటె కడుపుల సల్ల కదలది. గిది నేను సూర్యాపేటల కూసొని చెప్పుడు గాదు, సర్వీసంత సూసి చెప్తున్న. ముంగటిదే రాయి."

నేనూ బస్సుల నుంచి వచ్చినవాణ్నే కాబట్టి ఆ మాట బస్సుకు నూటికి నూరుపాళ్లు నిజమని ఒప్పుకోక తప్పలేదు. బస్సు ఊగేది వెనక, ఓడ ఊగేది ముందూ వెనకా రెండూ అని చెప్పబోయాను. ఈలోగా లోపలి నుంచి సోమలక్ష్మమ్మ గారు వచ్చి చాయ గ్లాసులు బల్ల మీద పెట్టారు. పొట్టిగా, గట్టిగా, ముక్కుపుడకతో ఉన్న మనిషి. కింద గదైతే నెమ్మదిగా ఉంటుందని నేను అనడం విన్నారు.

"లగ్గం నాడు గిట్లనే చెప్పిన్రు," అన్నారు. "కింద నెమ్మదిగ ఉంటదని. ఇగ నెమ్మది మస్తయింది మాకు."

చాయ తాగి లేచాను. పై డెక్కు, అన్నిటికంటే ముందు, బాల్కనీ ఉన్న కేబిన్ వాళ్లకు బుక్ చేశాను. వియ్యపురాలి అంతస్తులోనే తామూ ఉంటే సమానమైపోతామని, వెంకటరత్నం గారు తమ దంపతులకు కింద నడిమి కేబిన్ తీసుకున్నాడు. అంటే మర్యాద కోసం ఒకరు తక్కెడ పళ్లెంలోకీ, వినయం కోసం ఒకరు తక్కెడ నడిమికీ వెళ్లారు. నేను చేయాల్సిన హెచ్చరికలన్నీ చేశాను. మా మూడు కౌంటర్ల నుంచి ఇంకొందరు కూడా అదే ఓడకు కుదరడంతో కంపెనీ నన్ను టూర్ మేనేజర్‌గా వెంట పంపింది. ఓడలో టూర్ మేనేజర్ హోదా ఏమిటంటే, ప్రయాణికులు అతణ్ని సిబ్బంది అనుకుంటారు, సిబ్బంది ప్రయాణికుడు అనుకుంటారు. చెప్పుకోవడానికి ఇద్దరికీ అతనే దొరుకుతాడు.

దసరా తర్వాత చెన్నైలో ఎక్కాం. ఓడ కదలకముందు అందరినీ ఒకచోట చేర్చి, ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే డ్రిల్ ఒకటి తప్పనిసరిగా చేయిస్తారు. మల్లయ్య గారు అక్కడ తన మానాన తాను మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఓడ అధికారి ఒకామె ఆయనకు నమస్కారం పెట్టి, ఆ పనికి తామున్నామని చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. స్టాఫ్ అంటే స్టాఫ్‌కు గౌరవం ఉంటుందని నాతో అన్నాడు. వాంతుల మాత్రలు ముందే వేసుకుంటేనే పనిచేస్తాయని చెప్పి పంచాను. బస్సు మనిషికి గోలీలెందుకని ఆయన తనవీ, భార్యవీ తిరిగి ఇచ్చేశాడు.

మొదటి రోజు బంగాళాఖాతం కూడా ఆగి ఉన్న ఓడలా మర్యాదగా ఉంది. సోమలక్ష్మమ్మ గారు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుని, సముద్రం తన కోసమే పరిచినట్టు చూశారు. సాయంత్రం వియ్యపురాలిని పైకి పిలిపించుకుని, గాలి మంచిగ వస్తది కూసో వదినా అన్నారట. పెళ్లి తర్వాత ఆమె వదినా అని పిలవడం అదే మొదటిసారి. సుశీలమ్మ గారు ఆ సంగతి భర్తకు చెబితే, వెంకటరత్నం గారు నన్ను వెతుక్కుంటూ వచ్చి నా చేయి పట్టుకుని ఊపాడు. రేపు మధ్యాహ్నం భోజనాల దగ్గర కూతురి మాట కదుపుతానన్నాడు.

మర్నాడు కదిలింది మాట కాదు. ఎక్కడో దూరాన వాయుగుండం పట్టిందట. మా దారిలో వాన లేదు, గాలి లేదు. ఎండ కాస్తూనే ఉంది. కానీ పెద్ద పెద్ద అలలు నెమ్మదిగా, తీరిగ్గా వచ్చి ఓడ ముక్కును ఎత్తి దించుతున్నాయి. పొద్దున టిఫిన్ల వేళకే మెట్ల మలుపుల్లో, లిఫ్టుల పక్కన కాగితపు సంచులు వేలాడగట్టారు. ఓడ కంపెనీ మాటల్లో చెప్పని వార్తను సంచులతో చెబుతుంది.

మల్లయ్య గారి దగ్గర నుంచి నాకు ఫోను వచ్చింది. నేను క్రూజ్ విభాగం ఇన్‌చార్జిని, మూడు పట్టణాలకు సముద్ర నిపుణుణ్ని. దారిలో రెండు సంచులు వాడుకుంటే గానీ ఆ పై డెక్కుకు చేరలేకపోయాను.

కేబిన్ లోపల అన్నీ ప్రయాణంలో ఉన్నాయి. అలమర తలుపు దానంతటదే తెరుచుకుని మూసుకుంటోంది. చెప్పులు గోడ నుంచి గోడకు వెళ్లొస్తున్నాయి. మల్లయ్య గారు అప్పటికే ఒక సంచి వాడేసి, రెండు చేతులూ చాపి గుమ్మం పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, కిక్కిరిసిన బస్సులో కండక్టర్‌లా నిలబడ్డాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అన్న సామెతకు అంత చక్కని బొమ్మ నేనెక్కడా చూడలేదు. సోమలక్ష్మమ్మ గారు మంచం మీద ఒక పక్కకు ఒరిగి, అమ్మా, ఓ అమ్మా అని మూలుగుతున్నారు. స్టీవార్డు, అంటే గదులు చూసుకునే పనివాడు, పచ్చ ఆపిల్ పండ్లూ బిస్కెట్లూ తెచ్చి పెట్టాడు. ఓడల్లో వాంతులకు అదే మొదటి మందు. పానం పోతుంటె పండ్లు తెస్తడేందని ఆమె ముఖం తిప్పుకున్నారు.

చేయాల్సింది నాకు తెలుసు. ఆమెను కింద నడిమికి చేర్చి పడుకోబెడితే సగం నెమ్మదిస్తుంది. ఓడలో గదులూ భోజనాలూ హోటల్ డైరెక్టర్ అనే అధికారి చేతిలో ఉంటాయి. ఆయన్ను అడిగితే కింద నడిమి గదులన్నీ నిండిపోయాయన్నాడు. మిగిలింది వెంకటరత్నం గారి గదే. ఆయన దగ్గరికి వెళ్లాను. అక్కడ గ్లాసులో నీళ్లు కూడా పెద్దగా కదలడం లేదు. సుశీలమ్మ గారు సీసా మూత తీసి ఊరగాయ కలుపుకుంటున్నారు. గదులు మార్చుకోమంటే వెంకటరత్నం గారి ముఖం పాలిపోయింది.

"నా గది ఇవ్వడానికేముందండీ," అన్నాడు. "కిందికి రండి అని ఆమెతో నా నోటితో ఎలా చెప్పను? ఆ మాట అన్నానంటే నా కూతురు ఇక సూర్యాపేటలోనే."

నేనే చెబుతానని మళ్లీ పైకెక్కాను. ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా చెప్పాను. సోమలక్ష్మమ్మ గారు కళ్లు తెరవకుండానే విన్నారు.

"లగ్గంల కిందికి తోలిన్రు. సముద్రంల గూడ కిందికేనా? ఈడనే సస్త గని దిగ."

మల్లయ్య గారు నా వైపు చూశాడు. నేను ఆపిల్ పండ్ల వైపు చూశాను.

అప్పుడు సుశీలమ్మ గారు వచ్చారు. ఎవరూ పిలవలేదు. నా వెనకే మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కి వచ్చి, వియ్యపురాలి మంచం పక్కన నేల మీద కూర్చుని, తడిగుడ్డ పిండి నుదుటి మీద వేశారు.

"మీరు దిగొద్దు వదినగారూ," అన్నారు. "నేనూ ఇక్కడే ఉంటా. మీరెట్లుంటే నేనూ అట్లనే."

చెప్పిన మాట ఆమె అక్షరాలా నిలబెట్టుకున్నారు. కాసేపటికే ముఖం తెల్లబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఓడ ముక్కు ఒకసారి బాగా లేచి దిగేసరికి, అమ్మా అంటూ బాత్రూమ్ గుమ్మం దగ్గర కూలబడ్డారు. తర్వాత నేను చూసింది, సోమలక్ష్మమ్మ గారు మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి, ఆమె వీపు నిమరడం. నిమురుతూ మధ్యలో తనూ పక్కకు వంగి తన పని చూసుకుని, మళ్లీ నిమిరారు.

"ఏమయ్యా, సూస్తున్నవేంది?" అన్నారు భర్తతో. "ఈమెను కిందికి తోల్కపోవాలె. ఒగ చెయ్యి నువ్వు పట్టు. పడి కాలిరిగితే రేపు కోదాడోల్లకు ఎవరు జవాబు చెప్తరు?"

అలా ఆమె దిగారు. వెళ్లమంటే వెళ్లినట్టు కాదు, తీసుకెళ్లినట్టు దిగారు. లిఫ్టులో ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. ఎవరిని ఎవరు మోస్తున్నారో చెప్పడం నా అనుభవానికి అందని విషయం. కింద కేబిన్‌లో ఇద్దరినీ పడుకోబెడితే, మాట్లాడకుండా నిద్రపోయారు. పెద్దమనుషులు ఇద్దరికీ మిగిలింది పై గదే కాబట్టి వెంకటరత్నం గారు, మల్లయ్య గారు అక్కడికి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం దాటాక అల్లం టీ పట్టుకుని వెళ్తే వియ్యపురాళ్లిద్దరూ లేచి కూర్చుని, ఒకే పళ్లెంలో పెరుగన్నం తింటున్నారు. సోమలక్ష్మమ్మ గారు ఊరగాయ ముక్క చీకి పక్కన పెట్టి నన్ను అడిగారు.

"సారూ, ఓడల పొద్దుగాల శానమంది కక్కిన్రా?"

చాలామంది అన్నాను. నన్నూ కలుపుకోవచ్చని చెప్పాను.

"కక్కినప్పుడు ఏమని ఒర్లినవ్?"

అమ్మా అనే అని ఉంటానన్నాను.

"నేను గూడ అమ్మా అనే అన్న. వదిన గూడ గంతే. మా ఆయన తల్లి ఎన్నడో పోయింది, ఆయన గూడ అమ్మా అనే ఒర్లిండు." ఆమె వేళ్లు పళ్లెం అంచుకు తుడుచుకున్నారు. "ఒక్కలన్న అత్తా అన్నరా?"

సుశీలమ్మ గారి చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

"పిల్లను తీస్కపోన్రి వదినా," అన్నారు సోమలక్ష్మమ్మ గారు. "నొప్పులు పడేటప్పుడు నన్ను పక్కన పెట్టుకొని నిన్ను పిలుస్తది, నాకేం ఇజ్జత్ ఉంటది? నేను గూడ వస్త. పుట్టినంక నాయనమ్మ కావాలె గద."

సుశీలమ్మ గారు ఇంకో ఊరగాయ ముక్క తీసి ఆమె వైపు వేశారు.

ఈ వార్త వెంకటరత్నం గారికి చేరవేసే భాగ్యం నాకు దక్కింది. పై కేబిన్‌లో మల్లయ్య గారు మంచం మీద, వెంకటరత్నం గారు నేల మీద, ఇద్దరి మధ్యా ఒక బకెట్టుతో ఉన్నారు. చెప్పాను. తన సంసారంలో అంతకంటే మంచి కబురు రాదనుకున్న కబురును ఆయన బకెట్టు మీద వంగి విన్నాడు. సంతోషం కనబరచడానికి వ్యవధి లేదు. ఒక చెయ్యి పైకెత్తి నాకు దండం పెట్టాడు. మల్లయ్య గారు కళ్లు మూసుకునే, ఈ బండి ఎనక సీటు యాడున్నదో సూడు సారూ, ఆడికి పోత అన్నాడు. వెనక కూడా ఇంతేనని చెప్పడానికి నాకు మనసు రాలేదు. సాయంత్రానికి సముద్రం సర్దుకుంది. శ్రీలంకలో నలుగురూ దిగి కొబ్బరిబొండాలు తాగారు.

అమ్మాయిని ఏడో నెలలో కోదాడ తీసుకొచ్చారు. ఆడపిల్ల పుట్టింది. కాన్పునాడు సోమలక్ష్మమ్మ గారు సూర్యాపేట నుంచి వచ్చి ఆస్పత్రి వసారాలో కూర్చున్నారని, లోపలి నుంచి వినిపించిన అమ్మా అన్న పిలుపు విని, నేను చెప్పలేదా అన్నట్టు వియ్యపురాలి వైపు చూశారని వెంకటరత్నం గారు ఫోనులో చెప్పాడు.

ఆ తర్వాత ఉన్న కొద్ది సర్వీసులోనూ ఈ ప్రయాణం వల్ల నా పద్ధతి కొంత మారింది. ఒకే బృందంగా వచ్చే బంధువులకు వేర్వేరు అంతస్తుల్లో గదులు ఇవ్వడం మానేశాను. ఒకే అంతస్తులో పక్కపక్క గదులు దొరకకపోతే ఆ ఓడ వద్దని, ఇంకో ఓడ చూద్దామని చెప్పాను. మాత్రలు తిరిగి ఇచ్చేవాళ్లను నా కళ్లెదుటే మింగమన్నాను. మా కంపెనీ కాగితాల్లో లోయర్ డెక్ అని ఉండేది. నేను మాత్రం ఎంత మంచి కేబిన్‌నైనా కిందిది అని అనడం మానేసి, నడిమి గది అని చెప్పి అమ్మాను. ఆ మూడు ఊళ్లలో అదెన్నో అంతస్తు అని నన్ను అడిగినవాళ్లు లేరు.